అక్కి రాసిన కాలు

కారంపూడిలో నేనున్న నరసరావుపేట బస్సెక్కిన ఓ రైతు కాలికి మోకాలి దాకా ఎర్రమన్ను పూసి ఉంది. అక్కి బొబ్బలనుకుని ఊళ్ళో ఆ మన్ను రాయించారట. మళ్ళీ రాయించడానికి రొంపిచెర్లలో దిగుతామంది భార్య.

"పార గీసుకున్న చోట మొదలైందన్నా. పొద్దున మడమ దగ్గరుంది, ఇప్పుడు మోకాలికొచ్చింది" అందామె నాతో.

పంచె అంచు తగిలినా అతను మూలుగుతున్నాడు. మన్ను రాలిన చోట చర్మం నల్లబడి బొబ్బలెక్కింది.

"నేను డాక్టర్నమ్మా, ఇది అక్కి కాదు. లోపల కండ కుళ్ళిపోతోంది. మందులొక్కటే చాలవు, ఇవాళే కోసి కుళ్ళంతా తీసెయ్యాలి. లేకపోతే మనిషి దక్కడు" అన్నాను.

వెనక సీటు మాస్టారు నవ్వాడు. "అక్కి మీద కత్తి పెడతారా ఎక్కడైనా? మా ఇంట్లో మన్నుతోనే తగ్గింది."

"అది దానంతటదే తగ్గే జబ్బు! ఈయన పోతే మీరొచ్చి చేను దున్నుతారా?" అని అరిచాను.

రొంపిచెర్లలో ఆమె లేచింది. అతను సీటు కడ్డీ వదల్లేదు.

"కూర్చోవే. ఏందే నీ మన్ను? చానా మంటగా ఉంది. కోస్తే కొయ్యనీ."

పేట ఆసుపత్రికి నేనే తీసుకెళ్ళాను. ఆపరేషన్‌కి ముందు నర్సు ఆ మన్నంతా కడగాల్సి వచ్చింది. అప్పుడతను పెట్టిన కేకలు ఆ మాస్టారు వినాల్సింది.