ఉప్పు పిడికిలి, ఉత్త పిడికిలి

ఎవరైనా ముందున్న తిండి ముట్టకుండా కూర్చుంటే బిక్షమ్మ చూస్తూ ఊరుకోదు. మా వాడకట్టులో అలిగిన పిల్లలందరూ ఆమె చేతి ముద్ద తిన్నవాళ్లే. అలాంటి మనిషికి చిట్యాల దగ్గర, హైవే పక్కనున్న మందుల ల్యాబులో ఎలుకలను చూసుకునే పని దొరికింది. పత్తి చేలల్లో ఎండకు మాడిన మనిషికి ఏసీ గదిలో కొలువు. దాన్ని పోగొట్టుకునే ఉద్దేశం ఆమెకు లేదు.

ఒకరోజు శ్రీకాంత్ అనే సైంటిస్టు కొన్ని ఎలుకలకు సూదిమందు వేశాడు. అవి మేత వాసన చూసి ముఖం తిప్పేశాయి. తిండి పేగుల్లోకి దిగగానే ఒక హార్మోను పుడుతుందనీ, అది 'ఇక చాలు' అని మెదడుకు చెబుతుందనీ, కడుపును తొందరగా ఖాళీ కానివ్వదనీ, తాను వేసింది అదేననీ ఆయన ఓపికగా వివరించాడు. బిక్షమ్మ తలూపింది. తినకముందే కడుపు నిండిందని చెప్పే మందుంటుందని మాత్రం నమ్మలేదు. ఆమె లెక్కలో అది దిష్టి. మర్నాడు కొంగున ఉప్పు, ఎండుమిరపకాయలు తెచ్చి, ఎవరూ లేనప్పుడు పంజరాల చుట్టూ తిప్పింది. గోడమీది కెమెరా అదంతా చూసింది.

మేనేజరు మండిపడ్డాడు. మిరపకాయల ఘాటుకు ఎలుకల తిండి మారిందంటే ప్రయోగమంతా పాడవుతుందనీ, ఆమెను పంపించెయ్యమనీ అన్నాడు. ఎందుకు చేశావని శ్రీకాంత్ అడిగాడు.

"మీరంత పొద్దుమాపు గట్ల గుడ్లప్పగించి చూస్తుంటే దిష్టి తగలకుంటే ఏమైతది సార్? నాకైనా ముద్ద దిగదు."

పంపించే ముందు తేల్చుకుందామని శ్రీకాంత్ మేనేజరును ఒప్పించాడు. సూది వేసిన ఎలుకల్లో సగానికి బిక్షమ్మ ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీయాలి. మిగతా సగానికి ఉత్త పిడికిలి తిప్పాలి. మేత తూచేది శ్రీకాంత్ కాబట్టి ఏది ఏదో ఆయనకు చెప్పకూడదు. రెండు గుంపుల తిండీ ఒక్కలాగే ఉంటే ఆమె కొలువు ఉంటుంది, తేడా వస్తే పోతుంది.

"ఉత్త చెయ్యి తిప్పితే దిష్టి యాడికి పోతది సార్? ఆడాడనే తిరుగుతది."

"తిరగనియ్యమ్మా."

ఇక రోజూ మాస్కు, గ్లౌజులు తొడుక్కుని, ఇరుగు దిష్టి పొరుగు దిష్టి అంటూ తెల్లెలుకల ముందు పిడికిలి తిప్పేది. ఎటువైపు తిప్పాలో టైపు చేసి గోడకు అంటించారు. చివర తుపుక్కున ఉమ్మడం మాత్రం శుభ్రత కోసం రద్దయింది. దిష్టి తీయడం పనిచేస్తే కొలువు పోతుంది, పనిచేయకపోతే చేతి పరువు పోతుంది. ఏది కోరుకోవాలో తెలియక ఆమె ఎలుకలకే దండం పెట్టుకుంది.

వారం తర్వాత లెక్క తేలింది. ఏ తేడా లేదు. హార్మోను చెప్పినట్టే అన్ని ఎలుకలూ కొంచెమే తిన్నాయి. కొలువు నిలిచింది. బిక్షమ్మ సంతోషపడాలో సిగ్గుపడాలో తెలియక పంజరాలు రెండోసారి కడిగింది.

శ్రీకాంత్ పరిస్థితి ఇంకా ఘోరం. ఈ దిష్టి సంగతి పైవాళ్లకు రిపోర్టులో ఎలా రాయాలో తోచక, టిఫిన్ డబ్బా మూత కూడా తీయలేదు. బిక్షమ్మ ఊరుకుంటుందా? వెనక నుంచి వచ్చి ఆయన తలచుట్టూ పిడికిలి తిప్పింది. ఆయన ఉలిక్కిపడి, నవ్వి, డబ్బా తెరిచాడు. అన్నం చివరి మెతుకు దాకా ఊడ్చుకుని తిన్నాక చెయ్యి కడుక్కుంటూ అడిగాడు, పిడికిట్లో ఉప్పు ఉందా, లేదా అని.

"మీకు చెప్పొద్దని మీరే అంటిరి గద సార్" అంది బిక్షమ్మ, ఖాళీ డబ్బా మూత పెడుతూ.