అత్తయ్య చెప్పిన క్షమాపణ

మొన్న జగ్గయ్యపేటలో మా మేనత్త సంస్మరణ సభ జరిగింది. ఆ ఊరి నాయకుడొకాయన మైకు పట్టుకుని, "ఆరోగ్యం సహకరించక ఆవిడే టీవీ ప్రోగ్రాం మానేశారు" అన్నాడు. నా ఒళ్ళు మండిపోయింది. ఆరోగ్యమట! మొన్న మొన్నటిదాకా కార్తీకంలో వేదాద్రి వెళ్ళి, కృష్ణలో మునకేసి, తడిచీరతోనే మమ్మల్ని కేకలేసిన మనిషి ఆవిడ.

నందిగామ బళ్ళో తెలుగు చెప్పి రిటైరయ్యాక అత్తయ్య జగ్గయ్యపేటలో స్థిరపడింది. అక్కడి కేబుల్ టీవీలో రాత్రి సినిమా అయ్యాక గంటసేపు ఖాళీ అంటే, వెళ్ళి కూర్చుంది. వెనకాల నీలం దుప్పటి, ముందు ఫోను, పక్కన మజ్జిగ గ్లాసు. "ఆ వేళప్పుడు ఆడమనిషి టీవీలో ఇకిలించడమేంటి?" అని మా నాన్నే సణిగాడు. "చూడలేకపోతే ఛానల్ మార్చుకోరా" అంది. ఆయన ఒక్కరోజూ మార్చలేదు. కోడలు మాడ్చిన వంకాయ కూర దగ్గర్నుంచి కంచికచర్లలో ఆపకుండా పోయిన బస్సు దాకా జనం ఆవిడకి ఫోన్ చేసి చెప్పుకునేవాళ్ళు.

ఓ ఎండాకాలం కుళాయిలు రాక ఊరు అల్లాడుతుంటే, ఈ నాయకుడే ఫోన్ చేసి అన్ని వీధులకీ నీళ్ళిస్తున్నామన్నాడు. అత్తయ్య గొంతు పోల్చుకుంది. పాత శిష్యుడే! "ఏరా, అబద్ధాలాడటం ఇంకా మానలేదా? మీ వీధికి తప్ప ఎవరికొస్తున్నాయిరా?" అనేసింది. ఊరంతా పగలబడి నవ్వింది. ఆయనకి నీళ్ళ మాట పట్టలేదు, ఆ 'ఏరా' గుచ్చుకుంది. 'అండి' అంటూ మర్యాదగా క్షమాపణ చెప్పకపోతే కేబులే ఉండదని కబురంపాడు. కేబుల్ యజమాని వచ్చి అత్తయ్య కాళ్ళావేళ్ళా పడ్డాడు.

మర్నాడు ఆవిడ పట్టుచీర కట్టుకుని కూర్చుంది. "క్షమించండండీ. తమరు పెద్దలండీ. మీ కుళాయిగారు రోజూ దయచేస్తున్నారండీ. మా కుళాయిగారు రావట్లేదండీ. బిందెలుగారు బోర్లా పడుకున్నారండీ..." అంతలో తెర నల్లబడింది. ఆ ప్రోగ్రాం మళ్ళీ రాలేదు. "ఇంకా చాలా 'అండీ'లు మిగిలిపోయాయే" అని నాతో నవ్వుతూనే అందిగానీ, కళ్ళు తుడుచుకోవడం చూసా. నీళ్ళ కోసం చూస్తూ "కుళాయిగారు వచ్చారా?" అని అడగడం మాత్రం ఆ వీధుల్లో ఇప్పటికీ పోలేదు.

అందుకే సభలో లేచి నిలబడ్డా. "ఆవిడ మానలేదు. మీరు మాన్పించారు" అన్నా. పక్కవాళ్ళు చెయ్యి పట్టుకుని లాగారు. కూర్చోలేదు. నా చేతికి మైకు ఇవ్వలేదు, అయితేనేం, అరిచి మొత్తం చెప్పా. ఏళ్ళు గడిస్తే అబద్ధం పాతబడుతుందేమోగానీ నిజమైపోదు. నేను బతికున్నంతకాలం కానివ్వను.