చెయ్యి పట్టేంత సందు

మా అత్త పోయిందన్న కబురు లంకలో వాళ్ళకి ఎవరూ ఫోన్ చేసి చెప్పలేదు. పొద్దున్నే లంక గట్టున పడవ కోసం నిలబడ్డవాళ్ళకి ఇటునుంచి ఇంజను చప్పుడు వినపడలేదు. కాసేపు చూశారు. వాన పట్టినా, ఒంట్లో బాగోకపోయినా, పండగొచ్చినా మా పడవ ఆగేది కాదు. "ముసలమ్మకి ఏదో అయింది" అని వాళ్ళలో వాళ్ళే అనుకుని, చేపలు పట్టేవాళ్ళని బతిమాలి ఇవతలికి వచ్చారు. వచ్చేసరికి ఆమెను వాకిట్లో పడుకోబెట్టి ఉన్నాం. మజ్జిగన్నం తిని పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు, అంతే. చెప్పడానికి ఇంకేమీ లేదు.

మాది గుంటూరు జిల్లాలో కృష్ణ ఒడ్డున చిన్న ఊరు. నది మధ్యలో ఉన్న లంకలో మిరప వేస్తారు, కొద్దిగా పత్తి వేస్తారు. కోతలకి ఆడకూలీలను ఇటునుంచి దాటించడం, టిక్కీల్లో, అంటే పెద్ద గోనె బస్తాల్లో, తొక్కిన మిరపకాయలు అటునుంచి తేవడం మా పడవ పని. మా మామ కొన్న పడవ అది. నేను కాపురానికి రాకముందే ఆయన పోతే, పడవ మా అత్త చేతికి వచ్చింది. ఆయన కొడుకు, అంటే నా మొగుడు, లారీ తోలతాడు. చిలకలూరిపేట మిల్లుల నుంచి దారం లోడు వేసుకుని వెళ్తే ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. మాకు పిల్లలు లేరు. ఇంట్లో ఉన్నది మేమిద్దరం ఆడవాళ్ళం, రేవులో ఆ పడవ.

నాది దర్శి వైపు. మా ఊళ్ళో నీళ్ళంటే ట్యాంకరులో వచ్చేవే. పెళ్ళైన కొత్తలో పడవెక్కితే కడుపులో తిప్పేది, కళ్ళు మూసుకుని కూర్చునేదాన్ని. మా అత్త అది చూసి నా చేతిలో ఒక పానా పెట్టింది. "నీళ్ళ వంక చూడమాకే. నట్టు వంక చూడు" అంది. ఇంజను మీద ఒక నట్టు చూపించి, అది కదులుతుందేమో అవతలి గట్టు వచ్చేదాకా చూస్తూ ఉండమంది. చూస్తూ కూర్చున్నాను. గట్టు వచ్చింది. ఆ నట్టుతో పడవకి ఏ పనీ లేదని చాలా రోజుల తర్వాత తెలిసింది. అడిగితే "పని లేకపోవడమేందే, నీకు వాంతి రాలేదుగా!" అని పకపకా నవ్వింది.

పడవ నడపడం ఆమే నేర్పింది. చుక్కాని నా చేతికి వచ్చి చాలా ఏళ్ళైంది. ఆయిలు పని మాత్రం ఆమెదే. డీజిలును ఆమె ఎప్పుడూ ఆయిలు అనే అనేది. డబ్బాలోంచి ట్యాంకులోకి పోసేటప్పుడు పాత వాయిలు చీర ముక్క నాలుగు మడతలు వేసి, మజ్జిగ వడగట్టినంత ఓపికగా వడగట్టేది. అడుగున మిగిలిన నీటిచుక్క నాకు చూపించి, "ఇదిగో, ఇదే మనల్ని నడి ఏట్లో నిలబెట్టేది" అనేది. బొడ్లో ఎప్పుడూ రెండు వాషర్లు, అరిగిన బట్టల సబ్బు ముక్క ఉండేవి. పైపు ఎక్కడన్నా చెమ్మగిల్లితే గట్టు చేరేదాకా ఆ సబ్బు మెదిపి అద్దేది. చిలకలూరిపేటలో చుట్టాల పెళ్ళికి వెళ్ళినప్పుడు, తాంబూలం అందుకోవడానికి వంగితే బొడ్లోంచి ఆ సబ్బు జారి పెళ్ళికూతురి తల్లి కాళ్ళ దగ్గర పడింది. ఆవిడ అవాక్కై చూసింది. మా అత్త ఏమీ జరగనట్టు తీసి మళ్ళీ దోపుకుంది. నాకేమో సిగ్గుతో చచ్చినంత పనైంది.

పడవలో ఎవరన్నా బీడీ తీశారా, అయ్యబాబోయ్! ఒకసారి లంక రైతు ఒకాయన, పెద్దమనిషే, మాటల్లో పడి అగ్గిపుల్ల గీశాడు. మా అత్త లేచి వెళ్ళి నోట్లో బీడీ లాగి ఏట్లో పారేసింది.

"ఏందమ్మా నువ్వు! ఒక్క దమ్మేగా!" అన్నాడాయన.

"నీ ఇంటికి పోయి తగలెట్టుకో. నా ఆయిలు దగ్గర కాదు" అంది.

గట్టు రాగానే ఆయన విసవిసా దిగిపోయాడు. మర్నాడు మళ్ళీ మా పడవే ఎక్కాడు. ఎక్కుతూ చొక్కా జేబు తిరగేసి చూపించాడు.

అసలు కష్టమంతా పడవ వెనక భాగంలో ఉండేది. ట్యాంకు, దాని నుంచి వచ్చే పైపు, ఫిల్టరు, గాలి తీసే స్క్రూ, అన్నీ అడుగున బిగించి, పైన చెక్కలు పరిచి మేకులు కొట్టేశాడు పడవ కట్టినవాడు. చూడ్డానికి నున్నగా ఉండేది. పైపు కారితే మాత్రం చెక్కలన్నీ పీకాలి. మామ ఉన్నప్పుడు అలాగే పీకేవాడట. ఆయన పోయాక మా అత్త మొదట చేయించిన పని, ఆ చెక్కల్లో ఒక సందు కోయించి మూత పెట్టించడం. "చెయ్యి పట్టని చోట నట్టు పెట్టినోడిని ఆ నట్టు దగ్గరే కూర్చోబెట్టాలి" అని ఆ కట్టినవాణ్ణి తిట్టని రోజు లేదు. ఆమె చెయ్యి చిన్నది, చంటిపిల్ల చెయ్యిలా ఉండేది. సందు కూడా అంతే.

పైపులోకి గాలి చేరితే ఇంజను దగ్గి ఆగిపోతుంది. పంపుసెట్లు ఉన్న ఇళ్ళల్లో అందరికీ తెలిసిన సంగతే. అప్పుడు ఆమె చెంప చెక్కకి ఆనించి పడుకుని, కళ్ళు మూసుకుని, మోచెయ్యి దాకా సందులోకి దూర్చి స్క్రూ వదులు చేసేది. నేను ఇంజను దగ్గర ఆయిలు తోసే చేతిపంపు మీట కొట్టాలి. "కొట్టు" అనేది. కొట్టేదాన్ని. "ఇంకా కొట్టు." కొట్టేదాన్ని. "చాలు." లోపల ఆమెకి ఏమీ కనపడదు. ఎలా తెలుస్తుందని అడిగితే, "గాలొస్తే వేలికి తుమ్మినట్టుంటది. ఆయిలొస్తే నాకినట్టుంటది" అంది. ఇంకో మాట కూడా అనేది: "ఆయిలు వాసన వచ్చిందంటే ఎవరో పిలుస్తున్నట్టే. పలక్కపోతే తప్పు." అన్నం తింటూ మధ్యలో లేచి రేవుకి పోయిన రోజులున్నాయి.

పోయిన వానాకాలం ఆమె వేళ్ళ కీళ్ళు వాచాయి. సందులో చెయ్యి ఇరుక్కుని, బయటికి తీసేసరికి తోలు లేచింది. మర్నాడే వడ్రంగిని పిలిపించింది. నన్ను చూసి, "ఏమే, ఒక గాజు తియ్యి" అంది. ఎందుకో తెలియక తీసి ఇచ్చాను. ఆ గాజును చెక్క మీద పెట్టి, "దీని చుట్టూ వేలెడు వదిలి కొయ్యరా" అని వడ్రంగికి చెప్పింది.

"నీ చేతికి చేయించుకోక నా గాజెందుకత్తా?"

"నా చెయ్యి ఎల్లకాలం ఉంటదా?"

"అట్టా మాట్లాడబాక."

"బాక కాదే, మాక! వచ్చి ఇన్నేళ్ళైనా నీ దర్శి మాట పోలేదు" అని వడ్రంగితో కలిసి నవ్వింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

ఆ తర్వాత ఎన్నిసార్లు పిలిచిందో. "రావే, ఒక్కసారి చెయ్యి పెట్టి చూడు" అనేది. నేను పెట్టలేదు. తేళ్ళుంటాయన్నాను. "తేలు ఆయిలు తాగుద్దా, పిచ్చిదానా?" అంది. చేతికి వాసన పడుతుందన్నాను. అవన్నీ వంకలే. నేను ఆ పని నేర్చుకున్న రోజున ఆమె చేతులు దులుపుకుని వెళ్ళిపోతుందని నా భయం. నేర్చుకోకపోతే ఉండిపోతుందనుకున్నాను. చావుని అలా ఆపొచ్చా అంటే ఏం చెప్పను? ప్రేమ ఉన్నచోట తెలివి పనిచేయదు. ఆమె వాచిన వేళ్ళతోనే చేసుకుంటూ పోయింది, నేను మీట కొడుతూ ఉన్నాను.

పెద్దకర్మ అయిన మర్నాడు నా మొగుడు లారీ ఎక్కబోతూ, "పడవ అమ్మేద్దాం. ఆదివారం ఒకాయన చూడ్డానికి వస్తాడు. చిలకలూరిపేటలో గది తీసుకుంటా, వచ్చెయ్" అన్నాడు. తల్లి పోయిన మనిషి, గట్టిగా అనలేకపోయాను.

"నడపడం వచ్చుగా నాకు" అన్నాను.

"నడుపుతావులే. నడి ఏట్లో గాలి పడితే ఎవరు తీస్తారు?"

ఆయన వెళ్ళాక ఇంట్లో కూర్చుంటే గోడ గడియారం చప్పుడు కూడా నన్ను తరిమినట్టుంది. పేటలో గదిలోనైనా ఇంతే కదా, ఆయన లారీ మీద, నేను గోడల మధ్య. ఈ పడవ దగ్గరైతే నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు నలుగురున్నారు. అదీ పోతే నాకింకేముంది?

ఆదివారం కంటే ముందే, మిరప పండి రాలిపోతోందని కూలీలు రేవుకి వచ్చి కూర్చున్నారు. ఇంజను తిప్పాను. రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. గాలి పట్టింది. గట్టు మీద అందరూ మాటలు ఆపి నా వంకే చూస్తున్నారు. మూత తీసి, చెంప చెక్కకి ఆనించి పడుకుని చెయ్యి లోపలికి పెట్టాను. అంచులు ఎక్కడా తగల్లేదు. పైపు నట్టు వేళ్ళకి దొరికింది, కొద్దిగా వదులై తడిగా ఉంది. పానాతో బిగించాను. తర్వాత స్క్రూ వదులు చేసి, "కొట్టు" అనే మాట నోటిదాకా వచ్చి ఆగాను. మీట దగ్గర ఎవరున్నారు? రెండో చెయ్యి చాపి చూశాను. నేను పొడుగు మనిషిని, మీట అందింది. కొట్టాను. వేలికి తుమ్మినట్టైంది, మళ్ళీ తుమ్మినట్టైంది, ఆ తర్వాత నాకినట్టు చల్లగా వచ్చింది. స్క్రూ బిగించాను. ఇన్నేళ్ళూ ఇద్దరం చేసిన పని ఒక్కదానికే అందింది. అందకపోతే బాగుండుననిపించింది. అలాగే పడుకుని కాసేపు ఏడ్చాను.

ఇంజను పలికింది. కూలీలను లంకలో దించాను. దిగుతూ వాళ్ళలో పెద్దామె నా భుజం తట్టి, "సాయంత్రం వస్తావుగా అమ్మాయ్?" అంది. వస్తానన్నాను. అక్కడి నుంచే నా మొగుడికి ఫోన్ చేసి, గాలి నేనే తీశానని, ఆదివారం ఎవర్నీ పంపొద్దని చెప్పాను. "జాగ్రత్త" అన్నాడాయన.

ఖాళీ పడవతో తిరిగి బయలుదేరాను. నది మధ్యకి వచ్చేసరికి ముందు ఏమీ కనపడటం లేదు. పడవ ముక్కు పైకి లేచి గట్టుని కప్పేసింది. తిరిగి వచ్చేటప్పుడు మా అత్త ఎప్పుడూ ముందు పలక మీద నా వైపు తిరిగి కూర్చుని, ఎవరెవరి కోత ఎంత బాగుందో చెబుతూ వచ్చేది. ఆ చిన్న మనిషి బరువుకే పడవ సమంగా ఉండేదని నాకు తెలియనే తెలియదు. ముందు ఒక ఇసుక బస్తా వేసుకోమని రేవులో అందరూ చెబుతున్నారు. వేసుకోవాలి. ఇప్పటికైతే నిలబడే నడుపుతున్నాను.