సాంచలు ఆగినంతసేపే మా అవ్వ తీరిక

మా చిన్నప్పుడు... సిరిసిల్లలో కరెంటు పోతే వాడకట్టు అంతా తిట్టుకునేది. ఇద్దరం మాత్రం సంతోషపడేవాళ్లం. నేనూ, మా అవ్వా. మా వైపు అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలుస్తాం.

ఇంటికి ఆనుకునే సాంచల షెడ్డు. సాంచలంటే మరమగ్గాలే, మొత్తం నాలుగు... పొద్దున మొదలైతే ఆ చప్పుడులో పక్క మనిషితో కూడా అరిచి మాట్లాడాలి. కరెంటు పోగానే పెరట్లో పిచ్చుకలు వినపడేవి. నూలు కండెలు చుట్టే మిషను కూడా ఆగేది కాబట్టి అవ్వ చేతులు ఖాళీ అయ్యేవి.

ఆ కాస్త సేపే ఆమెది. బీర పాదుకు నీళ్లు పోసేది, పుంటికూర, అదే గోంగూర, తెంపేది. నిప్పుల మీద వంకాయ కాల్చి పచ్చిపులుసులో పిసికేది... ఆ వాసనకే ఆకలయ్యేది. తర్వాత గడప దగ్గర కూర్చుని స్వెట్టర్ అల్లేది. సూదులంటే సైకిల్ చువ్వలే, బండ మీద అరగదీసి మొనలు చేసుకుంది. కోరుట్లలో పుట్టింటి పక్కనుండే బీబమ్మ నేర్పిన పని అది. ఉన్ని జగిత్యాల నుంచి బాపు తెచ్చాడు. ఉండ పట్టుకోవడం నా వంతు. స్వెట్టర్ నాకే.

ఇంటికి పెద్ద మా పెద్దబాపు, బాపుకు అన్న. ఆయన అని అలవాటు కొద్దీ రాస్తున్నాను, గౌరవంతో కాదు.

"ఏందిరా, కరెంటు పోవాల్నని మీ అవ్వ రోజూ మొక్కుతున్నదా?" అనేవాడు నాతో, ఆమెకు వినపడేలా. అవ్వ తల వంచుకుని కుట్లు లెక్కపెట్టుకునేది.

సాంచలున్న ఇంట్లో ఒక కట్టుబాటు ఉంటుంది. కరెంటు పోగానే ప్రతి సాంచ స్విచ్చూ ఆపాలి. లేకపోతే కరెంటు వచ్చీరాగానే మనిషి లేకుండానే మగ్గం నడుస్తుంది. పోగుల మధ్య అటూ ఇటూ ఉరికే నాడె మధ్యలో ఇరుక్కుందా, పడుగు పోగులు వందలకొద్దీ తెగుతాయి.

ఆ రోజు బాపు ఊళ్లో లేడు. కరెంటు పోయింది. పెద్దబాపు మూడు స్విచ్చులు ఆపి, కిటికీ పక్క సాంచను మరచి, తువ్వాల భుజాన వేసుకుని హోటల్‌కు చాయ తాగడానికి పోయాడు. నేను చూశాను. లేచి ఆపొచ్చు... కానీ స్విచ్చు ముట్టుకున్నందుకే అంతకుముందు ఆయన చేతి దెబ్బ తిన్నవాణ్ణి. పైగా అవ్వ స్వెట్టర్‌కు రెండో చెయ్యి మొదలుపెట్టింది, నా చేతుల్లో ఉన్ని ఉంది.

కరెంటు వచ్చింది. కిటికీ పక్క సాంచ ఒక్కటే కొట్టుకోవడం మొదలుపెట్టింది. అవ్వ చువ్వలు పారేసి ఉరికింది. ఆపేలోపే పోగులన్నీ తెగి వేలాడుతున్నాయి. సరిగ్గా అప్పుడే పెద్దబాపు గుమ్మంలోకి వచ్చాడు.

"నీ చెయ్యి స్విచ్చు మీద ఎందుకున్నది?"

"బందు చేసిన బావా... దానంతటదే నడుత్తుంటే."

"దానంతటదే నడువనీకి దయ్యం వట్టిందా దానికి? నేను అన్నీ బందు చేసే పోయిన. చువ్వలాట ఆడెటోళ్లకు సాంచతోటి ఏం పని?" నా వైపు తిరిగాడు. "నువ్వు ఈడనే ఉన్నవ్ గదరా. చెప్పు, ఏం సూసినవ్?"

అవ్వ నన్ను చూసింది. బతిమాలుతున్నట్టు కాదు... నేను చెబుతానన్న నమ్మకంతో చూసింది.

"నేనేం సూడలే పెద్దబాపు" అన్నాను.

సాయంత్రం బాపు వచ్చాడు. అన్న మాట మీద మాట అనడం ఆయనకు రాదు. తీర్పు అయిపోయింది. పెరడు చదును చేసి ఇంకో రెండు సాంచలకు షెడ్డు వేయాలి. అటక మీది పాత రాట్నం దించాలి. "రాట్నానికి కరెంటెందుకు? ఇగ కరెంటు పోయినా కండెలు సుట్టొచ్చు" అన్నాడు పెద్దబాపు. పందిరి మీది బీర పాదు కాయలతోనే పెరికేశారు.

తెగిన పోగులను అవ్వ మూడు రోజులు ఒక్కొక్కటే అతికింది. మూడో రోజు నాకు అన్నం పెడుతూ, "నువ్వు చెప్పినా నమ్మకపోదురు కొడుకా... తిను" అంది. తిట్టి ఉంటే బాగుండేది. స్వెట్టర్‌కు రెండో చెయ్యి రాలేదు. అవ్వ మళ్లీ చువ్వలు పట్టలేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే... మొన్న మా కుటుంబం గ్రూపులో పెద్దబాపు ఫోటోకు దండ వేసి పెట్టారు. కష్టజీవి అట, ధర్మాత్ముడట, అబద్ధమాడి ఎరుగడట. కింద నలభై దండాలు. నేను పెట్టలేదని ఆయన కొడుక్కి, నాకు తమ్ముడి వరస, కోపం కూడా వచ్చింది. తమ్ముడూ, కారణం ఇదే. మీ నాన్న ఆ రోజు నాలుగో స్విచ్చు ఆపలేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

అల్లికలు, పెరటి మొక్కలు, ఇంటి వంట మనసుకు ప్రశాంతతనిస్తాయని ఈ మధ్య పుస్తకాలు వస్తున్నాయి. చాలానే చదివాను. బొమ్మలు బాగున్నాయి. ఆ తీరికను ఆడమనిషి దగ్గర నుంచి ఎవరు లాక్కున్నారో ఒక్క పుస్తకంలోనూ రాయలేదు.

పెద్దబాపును తిట్టడం సులువే, ఆయన లేడు. నా సంగతి వేరు. ఆ తర్వాత అవ్వ నలభై ఏళ్లు బతికింది. చదువుకున్నాను, నలుగురి ముందు న్యాయం గురించి గంటలు గంటలు మాట్లాడాను. నలుగుర్నీ కూర్చోబెట్టి "ఆ తప్పు మా అవ్వది కాదు" అని మాత్రం ఒక్కనాడూ అనలేదు.

ఇప్పటి పిల్లలు పెద్దవాళ్ల ముఖం మీదే "నువ్వు చెప్పేది అబద్ధం" అంటున్నారు. నా వయసువాళ్లు దాన్ని పొగరంటారు. నాకు మాత్రం వాళ్లను చూస్తే కుళ్లు...

చేయని తప్పు మోసిన మనిషి మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు. ఇంకా బతికుంటే ముందు వెళ్లి, ఆ తప్పు వాళ్లది కాదని వాళ్లతో చెప్పండి. ఇక్కడ కామెంటు తర్వాత రాయొచ్చు.