రెండో ఓబోలో నేను తీసేసిన ఫ్లాట్

1981లో నేను మిషిగన్‌లో మ్యూజిక్ కాపీయిస్ట్‌ని. అంతకు ముందు ఒక కార్ల కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉండేవాణ్ని. లేఆఫ్‌లో ఆ ఉద్యోగం పోయింది. చిన్నప్పుడు నేర్చిన వయొలిన్, డ్రాయింగులు గీసి గీసి కుదిరిన చేతిరాత కలిసి నన్ను ఈ పనిలో పెట్టాయి. సంగీతకర్త రాసే పూర్తి ప్రతిని స్కోర్ అంటారు. అందులోంచి ఒక్కొక్కరు వాయించవలసిన వరుసను విడదీసి సిరాతో రాసివ్వడం నా పని. ఆ విడి కాగితాలు పార్ట్స్.

ఆ వసంతంలో ఎడిత్ మార్లో అనే ఆవిడ పెద్ద వాద్యబృందం కోసం రాసిన సింఫనీ నా చేతికొచ్చింది. ఆవిడకి యాభై ఎనిమిదేళ్లు. అప్పటిదాకా ఒక చిన్న కాలేజీలో పాఠాలు చెబుతూ, తన రచనలను విద్యార్థులతోనే వాయింపించుకునేవారు. పేరున్న ఆర్కెస్ట్రా ఒకటి ఆవిడ సింఫనీని తీసుకుని, ముందు నిలబడి కండక్ట్ చెయ్యమని ఆవిడనే పిలవడం అదే మొదటిసారి.

నెమ్మదిగా సాగే రెండో భాగం రాస్తూ ఒకచోట ఆగాను. మన సన్నాయిని పోలిన ఓబోలు రెండున్నాయి. మొదటి ఓబో 'ఇ' స్వరం పట్టుకుని ఉంటే, రెండో ఓబో, వయొలిన్ కంటే కాస్త పెద్దవైన వయోలాలు 'ఇ ఫ్లాట్' పలుకుతున్నాయి. ఫ్లాట్ అంటే స్వరాన్ని అరమెట్టు దించే గుర్తు. రెండూ కలిస్తే చెవిలో గీరినట్టుంటుంది. ఆవిడ పొరపాటు పడ్డారనుకున్నాను. అడిగితే రెండు నిమిషాల పని. అడగలేదు. ఆ గుర్తు వచ్చిన పదకొండు చోట్లా తీసేసి, ఉపకారం చేశాననుకున్నాను.

రిహార్సల్‌లో రెండో భాగం మొదలైన కాసేపటికే ఆవిడ చెయ్యెత్తి ఆపారు.

"రెండో ఓబో, మీ పార్ట్‌లో ఏముంది?"

"ఇ నాచురల్, మేడమ్. ఫ్లాట్ లేదు."

వయోలాల్లోనూ అంతే. ఆర్కెస్ట్రా మేనేజర్ హాల్లో కూర్చున్న నావైపు తిరిగాడు. వేదిక మీది తలలన్నీ తిరిగాయి. నేను లేచి, "స్కోర్‌లో ఫ్లాట్ గుర్తులు సరిగా కనబడలేదు, మిస్ మార్లో" అన్నాను.

ఆవిడ కళ్లద్దాలు తీసి, స్కోర్ ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూశారు. తర్వాత వాద్యబృందం వైపు తిరిగి, "క్షమించండి. తప్పు నా చేతిరాతది" అన్నారు. ఎవరో నవ్వారు.

పార్టులన్నీ దిద్దేసరికి రిహార్సల్ సమయం అయిపోయింది. ఆ భాగాన్ని కచేరీలోంచి తీసేశారు. సింఫనీ అతుకులబొంతలా ఉందని పేపర్లో రాశారు.

ఇంట్లో నా భార్య సుజాతకి జరిగింది చెప్పాను.

"ఏవండీ, ఆవిడకి కాల్ చేసి నిజం చెప్పేయండి."

"చెబితే నాకింక ఎవరూ వర్క్ ఇవ్వరు."

"మరి ఆవిడకి ఇస్తారా?"

ఆవిడకి కాల్ చెయ్యలేదు. ఆరేళ్లపాటు ఏ పెద్ద ఆర్కెస్ట్రా ఆవిడని పిలవలేదు.

1987లో న్యూయార్క్‌లో ఒక బృందం ఆ సింఫనీని పూర్తిగా వాయించింది. రెండో భాగం అయ్యాక హాలంతా లేచి నిలబడిందట. ఆవిడకి పెద్ద అవార్డు వచ్చింది, ఆహ్వానాలు వచ్చాయి. కొత్త రచన పార్టులు రాయడానికి ఆవిడ మళ్లీ నన్నే అడిగారు.

స్కోర్ విప్పాను. ప్రతి ఫ్లాట్ రెండింతలు పెద్దదిగా రాసి, చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఉంది. ఒక్క గీతయినా రాయలేకపోయాను. స్కోర్ తీసుకుని ఆవిడ ఇంటికి డ్రైవ్ చేశాను. గుమ్మంలో నిలబడే అంతా చెప్పాను.

ఆవిడ అన్నారు: "ఆ రోజు గుర్తులు నాకు స్పష్టంగానే కనిపించాయి. నా కళ్లనే నమ్మలేదు." ఆ వెంటనే అడిగారు: "మగవాళ్ల స్కోర్లూ కాపీ చేశారు కదా. వాటిలో ఇలా స్వరాలు ఢీకొన్న చోట్లు లేవా?"

"ఉన్నాయి."

"దిద్దారా?"

"లేదు." అంతకంటే కర్కశమైనవి కూడా, ఏదో ఉద్దేశం ఉంటుందిలే అని పొల్లు పోకుండా రాశాను.

ఆవిడ చెయ్యి చాచి స్కోర్ తీసుకున్నారు. "ఇది ఇంకొకరికి ఇస్తాను" అని, తలుపు మెల్లగా వేసుకున్నారు.

తర్వాత ఆర్కెస్ట్రా మేనేజర్‌కి కూడా నిజం చెప్పాను. వాళ్ల దగ్గర పని పోయింది, మరోచోట దొరికింది. అనుమానం వస్తే అడగాలని ఆ సంఘటన నేర్పిందని కొత్తవాళ్లకు చెబుతూ వచ్చాను. అది సగమే. మిగతా సగం ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఆవిడ రాసింది తప్పని ఆ రోజు నాకు చెప్పింది నా చెవి కాదు.