ఇద్దరి మధ్య ఆగిన బిరుదు

అరవై మూడేళ్లొచ్చేదాకా ఎనిడ్ ప్లోరైట్‌కి తన ఒంట్లో బారన్ల, అంటే రాజుగారి కొలువులోని ప్రభువుల, రక్తం ఉందని తెలియదు. ఇంగ్లండులోని లెస్టర్‌షైర్‌లో ఓ సంతవీధిలో ఆమెది పోర్క్ పైల, అంటే పందిమాంసం కూరి కాల్చిన పిండివంటల, దుకాణం. కొవ్వు కరిగించిన వేడినీళ్లతో పిండి కలిపి, కొయ్య దిమ్మె చుట్టూ గిన్నెలా పైకి లాగడంలో ఆ చుట్టుపక్కల ఆమెకు సాటి లేదు. చెల్లెలు మురియల్ అమ్మకం చూసుకునేది. ఊపిరితిత్తులు చెడి ఇప్పుడు మేడమీద మంచం పట్టింది. ఇద్దరికీ పెళ్లిళ్లు కాలేదు.

1934 జనవరిలో లాయరు గాడ్స్‌బీ వంశవృక్షం చంకన పెట్టుకుని వచ్చాడు.

"ఐదొందల యాభై ఏళ్ల కిందటి బిరుదండీ. కొడుకులుంటే పెద్దవాడిది. కూతుళ్లే మిగిలితే అందరిదీ. ముక్కలు చెయ్యడానికి లేదు, అందుకని ఎవరికీ రాకుండా ఆగిపోతుంది. అప్పట్లో అలాగే ఇద్దరు అక్కచెల్లెళ్ల మధ్య ఆగింది, వాళ్లలో ఒకావిడ వంశం మీది. రెండో ఆవిడ వంశంలో ఆఖరాయన పోయిన నెల పిల్లల్లేకుండా పోయారు. ఇక మిగిలింది మీరిద్దరే."

"ఇంకేం! పెద్దదాన్ని నేనేగా?"

"ఇక్కడ పెద్దా చిన్నా లేదండీ. తనకేం అభ్యంతరం లేదని మురియల్ గారు సంతకం పెడితే, రాజుగారు మీకివ్వొచ్చు. లేదంటే ఇద్దరిలో ఒక్కరే మిగిలిననాడు దానంతటదే వస్తుంది."

ఆయన వెళ్లాక ఎనిడ్ కొవ్వుతో మెరుస్తున్న అరచేతులు చూసుకుంది. ఎన్ని యుద్ధాలు, ఎన్ని మహమ్మారులు! రాజవంశాలే తుడిచిపెట్టుకుపోయాయి. ఇది మాత్రం పాలు పితికేవాళ్ల కడుపునా, నేతగాళ్ల ఇళ్లలోనూ నిద్రపోతూ వచ్చి, పిండి పీట దగ్గర తనని చేరింది. ఒళ్లు గగుర్పొడిచింది. కావాలనిపించింది కూడా, దాచడమెందుకు?

సంతకం కోసం గాడ్స్‌బీ ఇచ్చి వెళ్లిన కాగితం చూసి మురియల్ దగ్గుతూనే నవ్వింది.

"ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కిందట! మెట్లెక్కితేనే ఆయాసం నీకు, దొరసానివి, లేడీవి అవుతావా అక్కా? సరే, కలం ఇటివ్వు. నేనుండగానే ఆ వైభోగం చూస్తాను."

ఎనిడ్ కలం అందించబోయి ఆగింది. మురియల్ వసంతం దాకా బతకడం కష్టమని డాక్టరు ఎనిడ్‌కొక్కదానికే చెప్పాడు. సంతకం పెట్టినా పెట్టకపోయినా బిరుదు ఎలాగూ వచ్చేస్తుంది. పెట్టకపోతే, అది నిద్రపోతున్నంత కాలం చెల్లెలు బతికున్నట్టే. చదువు లేని తనకి అంత పెద్ద చట్టం ఆ క్షణాన అర్థమైంది, భయమేసేంతగా.

"వద్దులే," అంది కాగితం మడిచి. "ఇన్నాళ్లు పడుకుంది, ఇంకొన్నాళ్లు పడుకోనీ. ఇద్దరిదీ అనుకుంటేనే బావుంది."

"పిచ్చిమొహమా," అంది మురియల్, అక్క చెయ్యి పట్టుకుని.

మార్చిలో ఒక ఉదయం దుకాణం తెరవలేదు. కబురు విని గాడ్స్‌బీ మేడ ఎక్కాడు. మంచం మీద దుప్పటి కప్పి ఉంది. ఆయన టోపీ తీసి తల వంచాడు.

"మై లేడీ," అన్నాడు మెల్లగా.

ఎవరిని పిలుస్తున్నాడా అని ఎనిడ్ వెనక్కి తిరిగి చూసింది. ఆ గదిలో ఆమె తప్ప ఇంకెవరూ మిగల్లేదు.