ఒడ్డున విడిచిన చెప్పులు

మా దీవిలో మిన్నీ బే నుంచి అబర్డీన్ బజారుకి బస్సు వేసిన కొత్తలో, జాలర్ల ఇంటి పెద్దావిడ ఒకామె చెప్పులు రోడ్డు పక్కన విడిచి బస్సెక్కింది.

“అరే దీదీ, చెప్పులు!” అన్నాడు కండక్టరు.

“పడవెక్కినప్పుడు ఒడ్డునే ఇడిసేస్తాం గదా భయ్యా. మళ్ళీ అక్కడికే గదా వొస్తాం,” అందామె. బస్సులో అందరం నవ్వాం.

ఆమె నా పక్కన కూర్చుంది. ఆసుపత్రి దగ్గర దిగుతానంటే, ఎవరికి బాగోలేదని అడిగాను.

“ఎవులికీ కాదు బాబూ. నిరుడు గాలివానకి పడవ కదల్లేదు. నొప్పులొచ్చిన కూతుర్ని మంచమ్మీద మోసుకెల్తంటే దారిలోనే పోనాది. ఇప్పుడు కోడలికి నెలలు నిండినాయి. బస్సు ఎంతసేపట్లో ఎల్తాదో సూద్దామని ఎక్కినాను.”

ఆసుపత్రి దగ్గర దిగింది కానీ లోపలికి వెళ్ళలేదు. వట్టికాళ్ళతో రోడ్డు దాటి, తిరుగు బస్సు కోసం నిలబడింది.